పూచీ ఎవరిది? ఏఐ హద్దుల గురించి ఒక లెక్కల మాస్టారికి జవాబు

మాస్టారూ, నమస్కారం. మీరు అడిగినవి మూడు. మీ జూనియర్ కాలేజీ పిల్లలు "మీరు చెప్పేదంతా చాట్‌జీపీటీ కూడా చెబుతోంది కద సార్" అంటున్నారు, మరి ఏఐ ఎప్పటికీ దాటలేని హద్దంటూ ఒకటి ఉందా? గోడెల్ సిద్ధాంతం ఆ హద్దును రుజువు చేసేసిందని చదివారు, అది నిజమేనా? చివరికి ఆ పిల్లలకు ఏం చెప్పాలి?

నేను ఇరవై రెండేళ్ళుగా కంప్యూటర్‌కు తెలుగు నేర్పే పనిలో ఉన్నాను. నిఘంటువులు, అనువాద యంత్రాలు, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్లు, ఇప్పుడు చాట్‌జీపీటీ లాంటి ఈ పెద్ద భాషా మోడళ్ళు. హద్దు ఉందనే నా నమ్మకం. అయితే జనం వేలు పెట్టి చూపించే చోటు ఒకటి, అది నిజంగా ఉన్న చోటు మరొకటి.

ముందుగా "ఇది ఏఐకి ఎప్పటికీ రాదు" అనే జాబితాల సంగతి. దయచేసి వాటిని క్లాసులో చదవకండి. మాటను గుర్తుపట్టే యంత్రాల మీద పరిశోధన దండగ అన్న ధోరణిలో 1969లో బెల్ ల్యాబ్స్‌కు చెందిన జాన్ పియర్స్ అంతటివాడు రాశాడు. మన చిత్తూరు జిల్లా కాటూరు నుంచి వెళ్ళిన రాజ్ రెడ్డి గారు అప్పటికే స్టాన్‌ఫర్డ్‌లో ఆ పని మొదలుపెట్టారు, తర్వాత కార్నెగీ మెలన్‌లో దశాబ్దాల పాటు దాన్ని వదల్లేదు. 1994లో ఆయనకు కంప్యూటర్ రంగంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఇవాళ అక్షరం రాని మా పెద్దమ్మ ఫోనుతో మాట్లాడి తనకు కావలసిన పాట పెట్టించుకుంటోంది. 1997లో చదరంగం ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ డీప్ బ్లూ అనే కంప్యూటర్ చేతిలో ఓడిపోతే, చదరంగం ఎంతైనా లెక్కల ఆటే, రాళ్ళతో చుట్టుముట్టి ఆడే గో ఆట దగ్గరికి వస్తే యంత్రం ఆగిపోతుంది అన్నారు. 2016లో ఆ ఆటలో మేటి అయిన లీ సెడాల్ యంత్రం చేతిలో 4–1 తేడాతో ఓడిపోయాడు.

నేనూ అలాగే మాట్లాడినవాణ్ణే. మేము కట్టిన మొదటి అనువాద యంత్రానికి "బియ్యం నిండుకున్నాయి" అని ఇస్తే, బియ్యం నిండుగా ఉన్నాయని ఇంగ్లీషులో చెప్పింది. "దీపం కొండెక్కింది" అంటే దీపాన్ని నిజంగానే కొండ ఎక్కించింది. ఇంట్లో 'లేదు' అనే మాట అనకూడదని 'నిండుకున్నాయి' అనే మనుషుల మధ్య పెరగని యంత్రానికి ఇది ఎప్పటికీ పట్టుబడదని ఒక సదస్సులో గట్టిగా వాదించాను. నా వాదన నిలవలేదు. ఇప్పటి మోడళ్ళు ఆ రెండు వాక్యాలనూ సరిగ్గా మారుస్తాయి, ఎందుకలా అంటామో కూడా నాలుగు ముక్కల్లో చెబుతాయి. అప్పటి నుంచి, ఒక పని ఇవాళ రాలేదు కాబట్టి రేపూ రాదు అనే మాట నా నోట రాలేదు.

ఇక గోడెల్. మీరు లెక్కల మాస్టారు కాబట్టి దీన్ని దాటేయకుండా చెబుతాను. అంకగణితం చేయగల బలం ఉండి, తనలో తనకు విరోధం లేకుండా, నియమాలన్నీ యాంత్రికంగా రాసిపెట్టగల ఏ వ్యవస్థలోనైనా, నిజమే అయినా ఆ వ్యవస్థ రుజువు చేయలేని వాక్యాలు ఉంటాయని 1931లో గోడెల్ చూపించాడు. ఏ ప్రోగ్రామ్‌ను ఇచ్చినా అది ఎప్పటికైనా ఆగుతుందో, ఆగకుండా తిరుగుతుందో తప్పు లేకుండా చెప్పేసే ప్రోగ్రామ్ ఒకటి ఉండడం అసాధ్యమని 1936లో ట్యూరింగ్ చూపించాడు. రెండూ తిరుగులేని ఫలితాలు. వాటిని పట్టుకుని 1961లో తత్వవేత్త లూకస్, 1989లో భౌతిక శాస్త్రవేత్త రోజర్ పెన్‌రోజ్ ఒక అడుగు ముందుకేశారు. వ్యవస్థ రుజువు చేయలేని ఆ వాక్యం నిజమని మనిషికి కనిపిస్తుంది, యంత్రానికి కనిపించదు, కాబట్టి మనిషి బుద్ధి యంత్రం కాదు అన్నారు.

గండి అక్కడే ఉంది. ఆ వాక్యం నిజమని మనకు కనిపించాలంటే ఆ వ్యవస్థలో విరోధం లేదని ముందు మనకు తెలిసి ఉండాలి. ఒక పెద్ద వ్యవస్థ గురించి ఆ సంగతి మనకు మాత్రం ఎలా తెలుస్తుంది? పైగా మన ఆలోచనల్లో పరస్పర విరోధాలు బోలెడు. 1950లో రాసిన వ్యాసంలో ట్యూరింగే ఈ అభ్యంతరాన్ని ఎత్తుకుని జవాబిచ్చాడు: యంత్రాలకు హద్దులున్నాయని రుజువైంది గానీ, మనిషి బుద్ధికి అలాంటి హద్దులు లేవన్న మాటకు ఎవరూ రుజువు చూపలేదు అని.

బోర్డు మీద చూపించాలంటే కొలాట్జ్ లెక్క వేయండి. ఏదో ఒక సంఖ్య తీసుకోవాలి. సరి సంఖ్య అయితే సగం చేయాలి, బేసి అయితే మూడుతో గుణించి ఒకటి కలపాలి, మళ్ళీ అదే పని. 27తో మొదలుపెట్టించండి. 9232 దాకా ఎక్కి, మొత్తం 111 అడుగుల తర్వాత 1కి దిగుతుంది. ప్రతి సంఖ్యా ఇలా 1కి చేరుతుందా? యంత్రం తేల్చలేదు, మనిషీ తేల్చలేదు. ఇద్దరూ ఒకే గోడ ముందు నిలబడి ఉన్నారు. కాబట్టి గోడెల్‌ను మనిషి తరఫు సాక్షిగా పిలవలేం.

మరి ఈ మోడళ్ళ లోపల జరిగేదేమిటి? మన భాష దగ్గరే చూద్దాం. "వెళ్తున్నారు" అనే మాట మీ కంటికి నాలుగు అక్షరాలు. కంప్యూటర్‌లో అది పన్నెండు యూనికోడ్ గుర్తులు: వ, ఎత్వం, ళ, పొల్లు, త, కొమ్ము, ఇలా. ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, అంటే మొత్తం 36 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటు చాలు. మోడల్ ఈ గుర్తుల వరసను తనకు అలవాటైన ముక్కలుగా నరుక్కుంటుంది, వాటినే టోకెన్లంటారు. తెలుగు తక్కువ చూసిన మోడల్ మన మాటను మరీ చిన్న చిన్న ముక్కలు చేస్తుంది. తర్వాత అది చేసే పని, ఇప్పటిదాకా వచ్చిన ముక్కలను బట్టి తర్వాతి ముక్క ఏది కావచ్చో అంచనా కట్టడం. ఒత్తులు లెక్కపెట్టమంటే తడబడేది ఇందుకే, దాని ముందు ఉన్నవి ముక్కల నంబర్లు, అక్షరాలు కావు. అయితే ఇది ఇంజనీరింగ్ లోపం, సరిదిద్దుకుంటారు. నా రోజువారీ పనిలో సగం ఇదే కాబట్టి ఇంత చెప్పాను, హద్దుల లెక్కలోకి రాదు.

అంతకంటే లోతైనది గో ఆటలోనే బయటపడింది. 2016 తర్వాత వచ్చిన గో ప్రోగ్రామ్‌ల ముందు ప్రపంచ ఛాంపియన్లు కూడా నిలబడలేరు. 2023 ఫిబ్రవరిలో కెలిన్ పెల్రిన్ అనే అమెరికా అమెచ్యూర్ ఆటగాడు అలాంటి ఒక ప్రోగ్రామ్ మీద 15 ఆటలాడి 14 గెలిచాడు. బోర్డు మూలల్లో దాని దృష్టి మళ్ళిస్తూ, దాని రాళ్ళ గుంపు ఒకదాని చుట్టూ నెమ్మదిగా పెద్ద వలయం కట్టడం అతని ఎత్తు. వలయం దాదాపు పూర్తయినా ప్రోగ్రామ్‌కు ప్రమాదం తెలియలేదు. మామూలు ఆటగాడు ఎవరైనా పసిగట్టేదే. ఆ ఎత్తును మొదట కనిపెట్టింది కూడా, ఆ ప్రోగ్రామ్ బలహీనతలు వెతకడానికి రాసిన మరో ప్రోగ్రామేనని చెప్పడం న్యాయం. కోట్ల ఆటలు ఆడి గెలవడం నేర్చుకున్నది కూడా, 'చుట్టుముట్టడం' అనే ఊహను మనం పట్టుకున్నట్టు పట్టుకుందని అనుకోకూడదు. దాని తెలివి మన తెలివికి పైమెట్టు అనుకుంటే పొరబడతాం. దాని ఆకారమే వేరు, మనం ఊహించని చోట దానికి చిల్లులుంటాయి.

నేర్చుకునే తీరులోనూ తేడా చాలా పెద్దది. మెటా సంస్థ 2024లో విడుదల చేసిన లామా 3 మోడల్ 15 లక్షల కోట్లకు పైగా టోకెన్లు చదివింది. పదేళ్ళ పిల్ల పుట్టినప్పటి నుంచి విన్న మాటలన్నీ కలిపినా పది కోట్లు దాటడం కష్టం. మా చెల్లెలి కూతురు మూడేళ్ళప్పుడు "నా చెయ్యిలు కడిగేశా" అనేది. ఇంట్లో ఎవరూ 'చెయ్యిలు' అనరు. వినని మాటను అది తనే కట్టుకుంది, గుప్పెడు మాటలు విని 'లు' చేరిస్తే ఎక్కువవుతాయని సూత్రం లాగింది. నెల తిరక్కుండా 'చేతులు'కి మారిపోయింది. దాని మెదడుకు కావలసిన కరెంటు ఒక చిన్న బల్బుకు సరిపోయేంత, పెద్దవాళ్ళ మెదడుకే ఇరవై వాట్లు చాలు. ఈ తేడా చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఆ పిల్లలా అంత తక్కువతో నేర్చుకునే యంత్రాన్ని ఎవరూ కట్టలేదు. అలాగని దీన్ని కూడా దాటలేని హద్దు అనలేను. అది అసాధ్యమనే సిద్ధాంతమేదీ లేదు.

ఇక అసలు చోటికి వస్తాను. మీ పిల్లలు రాసే పరీక్షతోనే మొదలుపెడదాం. ఈఏపీసెట్‌లో తప్పు జవాబుకు మార్కులు కోయరు కాబట్టి తెలియని ప్రశ్న దగ్గర కూడా ఏదో ఒకటి దిద్దమని మీరే చెబుతారు. జేఈఈ మెయిన్‌లో తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది, అక్కడ వదిలేయమంటారు. భాషా మోడళ్ళను ఇన్నాళ్ళూ తూచిన పరీక్షలు చాలావరకు మొదటి రకం. 'తెలియదు' అంటే సున్నా, ఊహించి చెబితే ఒక్కోసారి మార్కు. అందుకే అవి తెలిసినదీ తెలియనిదీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో చెప్పడం అలవాటు చేసుకున్నాయి. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన తీర్పులను నిజమైన తీర్పులుగా కోర్టుకు సమర్పించి, 5,000 డాలర్ల జరిమానా కట్టారు. మార్కులు కోసే పద్ధతి పెడితే ఈ రోగం కొంత తగ్గుతుంది, ఇప్పటికే తగ్గుతోంది కూడా. మోడల్ చేత 'నాకు తెలియదు' అనిపించవచ్చు.

ఆ మాట వెనక ఏముంటుందన్నదే నా ప్రశ్న. దీనికి జవాబు నాకు పుస్తకంలో దొరకలేదు, ఒక మిరప చేను గట్టు మీద దొరికింది.

2021 చివర్లో ఖమ్మం వైపు ఒక ఊళ్ళో, రైతుల ప్రశ్నలకు ఫోన్‌లో మాటతో జవాబిచ్చే వ్యవస్థను పరీక్షిస్తున్నాం. తెలుగు మాటను గుర్తుపట్టే భాగం నాది. ఒక పెద్దాయన ఫోన్ తీసుకుని, ఆకు ముడుచుకుపోతోంది, పూత రాలిపోతోంది, ఏం కొట్టాలి అని అడిగాడు. యంత్రం ప్రతి మాటా సరిగ్గా వింది. తామర పురుగు అని తేల్చింది. మందు పేరు, లీటరు నీటికి ఎంత కలపాలో గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. నాకు పట్టరాని సంతోషం, ఆ ఊరి యాసలో ఒక్క మాట కూడా తప్పిపోలేదు.

మాతో వచ్చిన వ్యవసాయ పట్టభద్రుడు, పాతికేళ్ళ కుర్రాడు, సంతోషపడలేదు. "ఇప్పటికి ఏమేం కొట్టావు బాబాయ్?" అని అడిగాడు. "నాలుగు మందులు కొట్టిన. ఇసుమంత తగ్గలే" అన్నాడు పెద్దాయన. కుర్రాడు కాసేపు ఆగి, "నాకు అంతుపట్టట్లేదు బాబాయ్. పొద్దున్నే వచ్చి చేలో చూస్తా. అప్పటిదాకా ఏ మందూ కొట్టొద్దు" అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే వెళ్ళాం. మంచు ఇంకా వదల్లేదు. నాలుగు పువ్వులు కోసి, జేబులోంచి తెల్ల కాగితం తీసి దాని మీద దులిపాడు. నల్లటి నలుసులు కదులుతున్నాయి. మిరపలో ఎప్పటి నుంచో ఉన్న తామర పురుగు లేతాకుల అడుగున చేరి పై ముడత తెస్తుంది. ఇది పువ్వులో దూరింది. అదే నల్ల తామర పురుగు, 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద మన దేశంలో మొదటిసారి నమోదైన జాతి. ఆ సీజనులో అది గుంటూరు, ఖమ్మం మిరపను ఎలా ఊడ్చేసిందో రైతు ఇళ్ళలో అందరికీ గుర్తే. తోచిన మందల్లా మార్చి మార్చి కొడితే ఇది ఇంకా పెరుగుతుంది. కుర్రాడు మందు మానిపించి, నీలం రంగు జిగురు అట్టలు, వేపనూనె దగ్గర మొదలుపెట్టించాడు.

యంత్రం చెప్పింది పుస్తకం ప్రకారం సరైన జవాబే. దానికి ఇచ్చిన కరపత్రాల్లో పాత పురుగే ఉంది. ఈ మధ్య అదే ప్రశ్న ఒక కొత్త మోడల్‌ను అడిగాను, మొదటి వాక్యంలోనే నల్ల తామర పురుగు పేరు చెప్పింది. ఎందుకు చెప్పగలిగింది? ఈలోగా దాని గురించి రాసినవాళ్ళున్నారు కాబట్టి. ఆ రాసినవాళ్ళ కంటే ముందు ఎవరో ఒకరు పొద్దున్నే లేచి, పువ్వు దులిపి చూసినవాళ్ళున్నారు కాబట్టి.

రేపు కెమెరా, చెయ్యి ఉన్న రోబో వచ్చి పువ్వు దులుపుతుంది కదా అంటారేమో. దులపవచ్చు, కాదనను. కానీ ఆ సాయంత్రం కుర్రాడు చేసింది ఇంకొకటి ఉంది. "వచ్చి చూస్తా" అని మాటిచ్చాడు, మందు కొట్టొద్దు అన్నాడు. కొట్టకపోతే ఆ రెండెకరాలు పోయే ప్రమాదమూ ఉంది. అతని అమ్మమ్మగారి ఊరు అదే. మాట తప్పయితే మళ్ళీ ఆ ఊళ్ళో బస్సు దిగి తలెత్తుకు నడవలేడు. అది తెలిసే అన్నాడు, రాత్రంతా నిద్రపోలేదని దారిలో నాతో చెప్పాడు కూడా. దీన్నే మనం పూచీ పడటం అంటాం. అప్పు పత్రం మీద సంతకం పెట్టినవాడు పడేది అదే, మందుచీటీ రాసిన డాక్టరు పడేది అదే, "ఈ వంతెన మీద లారీ పోవచ్చు" అన్న ఇంజనీరు పడేది అదే. మాట తప్పయితే నాకేదో పోతుంది అని ఒప్పుకుని మాట్లాడటం.

నా లెక్కలో ఏఐకి మౌలికమైన హద్దు ఇది. మోడల్‌కు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు. పేరు లేదు, ఊరు లేదు, ఒంటి నొప్పి లేదు, మిగిలిన ఆయుష్షు లేదు. ఒకే మోడల్ ఒకే క్షణంలో వేల ఫోన్లలో మాట్లాడుతుంటుంది. అందులో ఏ ఒక్కదాన్ని పట్టుకుని "నువ్వే కదా అన్నావు" అని నిలదీస్తాం? తప్పు చూపిస్తే వెంటనే క్షమాపణ చెబుతుంది, ఆ క్షమాపణకు దానికయ్యే ఖర్చు సున్నా.

ఇది వట్టి వేదాంతం అనిపిస్తే కోర్టు దాకా వెళ్ళిన సంగతి చెబుతాను. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్, బామ్మ చనిపోయి ప్రయాణం చేయాల్సి వచ్చిన ఒకాయనకు, టికెట్ కొన్న తర్వాత కూడా తగ్గింపు అడగవచ్చని చెప్పింది. కంపెనీ నిబంధన అది కాదు, డబ్బు ఇవ్వలేదు. కేసులో కంపెనీ చేసిన ఒక వాదన, చాట్‌బాట్ వేరే, దాని మాటలకు బాధ్యత దానిదే అన్నట్టుంది. 2024 ఫిబ్రవరిలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి, కంపెనీయే డబ్బు కట్టాలంది. చాట్‌బాట్‌ను బోనెక్కించడానికి అక్కడ ఎవరూ లేరు. కంపెనీ పూచీ పడింది కదా అంటే, పడింది. దాని వెనక డబ్బు పోగొట్టుకునే మనుషులున్నారు కాబట్టి పడగలిగింది. పూచీ ఎటు తిరిగినా ఎవరో ఒక మనిషి ఒళ్ళో వచ్చి పడుతుంది.

మోడల్‌ను ఇంకో పదింతలు పెద్దది చేసినా, ఇంకో పదింతలు డేటా పోసినా ఇది రాదు. పోగొట్టుకునేది ఉన్న, ఒక్కటిగా బతికే, నిన్నటి మాట ఇవాళ మోసే యంత్రాన్ని ఎవరైనా కడితే అప్పుడు మళ్ళీ మాట్లాడుకుందాం. అది ఇప్పుడున్న ఏఐకి పై తరగతి అవదు, వేరే జాతి అవుతుంది. దానికి మనం బాకీ పడే న్యాయాలు కూడా వేరే ఉంటాయి.

మీ మూడో ప్రశ్న. "మీరు చెప్పేదంతా అదీ చెబుతోంది" అన్న పిల్లాడిది సగం నిజం, ఒప్పుకోండి. రెండో సగం మీ క్లాసులో రోజూ జరుగుతూనే ఉంటుంది. "అర్థమైంది సార్" అని తలూపిన పిల్ల కళ్ళు చూసి మీరు చాక్‌పీసు మళ్ళీ అందుకుంటారు. ఆ పిల్ల ఫెయిలైతే వాళ్ళ నాన్న వచ్చి నిలబడేది మీ ముందే.

ఒక పని చేసి చూడండి. వర్గమూలం 2 అకరణీయ సంఖ్య కాదని, అంటే p/q అనే పూర్ణాంకాల భిన్నంగా రాయలేమని, రుజువు చేయమని ఇచ్చి, చాట్‌జీపీటీని అడిగి తెచ్చుకోవచ్చని మీరే చెప్పండి. ఒక్కటే షరతు. కాగితం లేకుండా బోర్డు దగ్గరికి వచ్చి చెప్పాలి, క్లాసులో ఎవరైనా ఏ గీత దగ్గరైనా "ఎందుకు?" అని అడగవచ్చు, తెచ్చినవాళ్ళే జవాబు చెప్పాలి. "p వర్గం సరి సంఖ్య అయితే p కూడా సరి సంఖ్యే" అన్న గీత దగ్గర నూటికి తొంభై మంది ఆగుతారు. అక్కడ తొందరపెట్టకండి. "నాకు తెలియదు సార్, రేపు చూసుకొచ్చి చెబుతా" అని ఎవరైనా అంటే, ఆ మాటకు మార్కు వేయండి. మర్నాడు గుర్తుపెట్టుకుని అడగండి.